భార్య చెప్పిన ప్రకారం

మా బాపు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. మేము పుట్టి పెరిగింది కంపెనీ క్వార్టర్లలో. ఆ వరుసల్లో ఎవరింట్లో మగమనిషి పోయినా, ఏడుపులు కాస్త సద్దుమణిగాక మూడోనాడో నాలుగోనాడో ఒక మాట వినబడేది: "కొలువు ఎవరికి పెడుతున్నరు?" పోయినాయన బదులు ఇంట్లో ఒకరికి కంపెనీ కొలువు ఇచ్చేది. కొడుకు కోసం తల్లి, అల్లుడి కోసం బిడ్డ కంపెనీ ఆఫీసు చుట్టూ తిరిగేవాళ్లు. ఆ ఒక్క కొలువు కోసం అన్నదమ్ములు మాటలు మానేయడం కూడా నేను చూశాను. కానీ ఇంటాయన పోతే ఎట్లా బతకాలన్న లెక్క మాత్రం ఎవరూ ముందుగా వేసుకునేవాళ్లు కాదు. ఆ లెక్క కంపెనీ వేసి పెట్టేది.

అందుకే పెళ్లయి బోథ్ వచ్చాక చాలా ఏళ్లు నాకు ఆ భయమంటే ఏమిటో తెలియలేదు. ఆయనది మోటార్ వైండింగ్ దుకాణం. యాసంగిలో శెనగకూ మక్కకూ నీళ్లు పెట్టే రోజుల్లో కరెంటు తక్కువై మోటార్లు కాలిపోయేవి. వాటిని ట్రాక్టర్ల మీద, ఆటోల్లో తెచ్చి మా గడపలో పడేసేవాళ్లు. కాలిన తీగ తీసేసి, కొత్త రాగి తీగ చుట్టి, వార్నిష్ పోసి, ఎండబెట్టి ఇవ్వాలి. చుట్లు లెక్కబెట్టే పని నాది. ఆయన చుడుతూ ఉంటే నేను పక్కన పీట వేసుకుని గట్టిగా లెక్కబెట్టేదాన్ని. నలభై రెండు దగ్గర ఆయన ఏదో పరాచికం ఆడి నన్ను తప్పించేవాడు. తిట్టి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేదాన్ని.

ఉట్నూర్ రోడ్డు మీద జీపు నడిపే మనిషి ఒకడు ఆయనకు దోస్తు. ఒకరోజు ఆ జీపాయన గుండె ఆగిపోయింది. దినాలకు వెళ్లి వచ్చాం. నెల తిరక్కుండానే ఆయన పెండ్లాం ఇంకొకర్ని డ్రైవరుగా పెట్టుకుని అదే జీపును రోడ్డు మీద నడిపిస్తుంటే చూశాను. మంచిదే అనుకున్నాను. మనిషి పోయినా బండి ఉంది, నలుగురు ఎక్కితే నాలుగు పైసలు వస్తాయి. ఇంటికొచ్చి మా దుకాణం చూసుకున్నాను. చెక్క బల్ల, తీగ చుట్టే చిన్న మిషను, పానాలు, ఒక మూల కాలిన తీగ కుప్ప. ఆయన లేకపోతే వీటిలో ఏది నడుస్తుంది? తూకానికి వేస్తే ఎంతొస్తుందో కూడా నాకు తెలుసు. మా వ్యాపారం మొత్తం ఆయన పది వేళ్లలో ఉంది. ఆ రోజు మొదటిసారి నాకు చేతులు చల్లబడ్డాయి.

"ఇన్సూరెన్స్ చేయించుకో" అన్నాను.

"నేను పోతనని నీకు ఎవరు చెప్పిండ్రే?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ వారం రోజులు ఆ మాట ఎత్తనివ్వలేదు.

ఎత్తకుండా నేను ఊరుకోను కదా. చివరికి ఎరువుల దుకాణం పక్కన ఉండే ఏజెంటును పిలిపించాను. మంచివాడే. మమ్మల్ని అన్నా, వదినా అనేవాడు. కరెంటు లేక పని ఆగిన ఒక మధ్యాహ్నం వచ్చాడు. ముందు బ్యాగులోంచి రంగురంగుల కాగితం తీసి, ఇరవై ఏళ్లు కడితే కట్టింది మళ్లీ తిరిగి వచ్చే పాలసీ గురించి చెప్పాడు. మా ఆయన ముఖం వెలిగింది.

"నడుమల ఏమన్న అయితే ఎంతొస్తది తమ్మీ?" అని నేను అడిగాను.

"ఐదు లక్షలు వదినా."

"ఐదు లక్షలు ఎన్ని దినాలు వస్తయ్?"

అతను ఆ కాగితం మడిచి బ్యాగులో పెట్టాడు. అప్పుడు ఇంకో కాగితం తీశాడు. అది బతికుంటే ఒక్క రూపాయి కూడా తిరిగి రాని రకం. అదే డబ్బుకు చాలా పెద్ద మొత్తం వస్తుంది, కానీ మనిషి పోతేనే.

"బతికుంటే ఏం రాదా?" మా ఆయనకు కోపం వచ్చింది. "అంటే నేను బతికినందుకు నాకే జుర్మానానా?"

"సంపాదనకు పదింతలు తీసుకోవాలంటరన్నా" అన్నాడు ఏజెంటు. "ఏడాదికి ఎంత సంపాదిస్తవ్?"

"యాసంగిలనా, వానకాలంలనా?" అన్నాడు ఆయన.

అదే అసలు చిక్కు. జీతమున్నవాడికి అది ఒక అంకె. మాకు నాలుగు నెలలు తిండికి తీరిక ఉండేది కాదు, మిగతా ఎనిమిది నెలలు ఫ్యాన్లూ మిక్సీలూ. తీగ ధర ఒక్కో ఏడు ఒక్కోలా ఉండేది. ఆయన సంపాదన ఎంతో ఆయనకే తెలియదు, నాకు మాత్రం ఖర్చు తెలుసు. అందుకని నేను సంపాదన వైపు నుంచి కాకుండా ఖర్చు వైపు నుంచి లెక్క మొదలుపెట్టాను. అప్పుడు మా బిడ్డ ఆరో తరగతి. దాని నోటు పుస్తకం వెనక పేజీలో రాశాను. ఆయన తిండి, బట్ట, బండి పెట్రోలు తీసేసి నెలకు మాకు పదిహేను వేలు. బిడ్డ చదువు ముగిసి తన కాళ్ల మీద నిలబడడానికి పదకొండేళ్లు. పెద్ద చదువు ఫీజు వేరు. దుకాణం కోసం బ్యాంకులో తెచ్చింది ఇంకా రెండు లక్షలుంది. ధరలు ఆగవు కాబట్టి కొంత. అన్నీ కలిపితే ముప్పై లక్షలకు వచ్చింది. 

"ముప్పై లక్షలా!" ఆయన పుస్తకం లాక్కుని చూశాడు. "బతికుంటే జన్మల అంత కండ్ల చూస్తనా? తమ్మీ, ఈమె ముచ్చట ఇంటున్నవా? రేపటి సంది టీల ఏం కలుపుతదో జర చూసుకొని తాగాలె."

ఏజెంటు నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. "పరాచికాలు ఆడకు. నీకు ఐదు లక్షలు చాలనిపిస్తే ఐదుతోని నువ్వే బతికి చూపియ్యి" అన్నాను. ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆయన నోటు పుస్తకం మళ్లీ చూసి, ఈసారి నవ్వకుండా, "తమ్మీ, ఈమె చెప్పినంత రాయి" అన్నాడు. బ్యాంకు అప్పు కోసం మూడేళ్లుగా కడుతున్న ఆదాయపు పన్ను కాగితాలు ఉండబట్టి కంపెనీ అంత మొత్తానికి ఒప్పుకుంది. నా లెక్క నెగ్గిందని నాకు చాలా గర్వంగా ఉండింది.

తర్వాత ఫారం. ఏజెంటు ఒక్కో ప్రశ్న గబగబా చదివి టిక్కులు పెడుతూ పోయాడు. సిగరెట్? లేదు. గుట్కా? లేదు. షుగర్, బీపీ? లేవు.

"మందు తాగుతవా అన్నా?"

ఆయన నావైపు చూశాడు. "మందు లేదు. కల్లు ఉంటది."

"కల్లు మందెట్లయితదన్నా" అన్నాడు ఏజెంటు, లేదు దగ్గర టిక్కు పెడుతూ.

నిజానికి ముగ్గురం అదే అనుకున్నాం. కల్లు మా వైపు అన్నం పక్కన పెట్టుకునే వస్తువు. బాలింతకు పోస్తారు, దేవతకు సాక పోస్తారు, చుట్టం వస్తే కల్లు అమ్మే మండువకు మనిషిని పంపి సీసలు తెప్పిస్తారు. మందంటే బ్రాందీ, విస్కీ. ఆయన వారానికి రెండు రోజులు పని ముగించి మండువకు పోయి రెండు సీసలు తాగి వచ్చేవాడు. దానికే నేను గొడవ పెట్టేదాన్ని, అది వేరే సంగతి. ఆ ఫారం మీద ఆయన అబద్ధమాడలేదు. మా లెక్కలో అది నిజమే.

పాలసీకి రెండో ఏడు నడుస్తుండగా, వానలు వెనకబట్టే రోజుల్లో ఆయనకు జ్వరం వచ్చింది. ఊళ్లో మూడు రోజులు సూదులు, సెలైన్లు అయ్యాయి. నాలుగో రోజు పొద్దున కళ్లు పసుపు పచ్చగా కనబడ్డాయి. ఆటో మాట్లాడుకుని ఆదిలాబాద్ తీసుకుపోయాను. ఆస్పత్రిలో ఒక కుర్ర డాక్టరు చీటీ పట్టుకుని ఎన్నాళ్ల నుంచి జ్వరం, వాంతులున్నాయా అని ఒక్కొక్కటే అడుగుతూ రాసుకుంటున్నాడు.

"మందు అలవాటుందా?"

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. ఇది నేనొక్కదాన్నే చేసేది కాదు, మా వైపు ఆడవాళ్లందరూ చేసేదే. మొగుడు మా మాట వినడు. తల్లి మాటా వినడు. డాక్టరు మాట మాత్రం వింటాడు. అందుకని మొగుడితో డాక్టరు దగ్గరికి పోయినప్పుడు మేం డాక్టరుకు ఫిర్యాదు చేస్తాం, అదీ ఉన్నదానికి రెండింతలు పెంచి. డాక్టరు కళ్లజోడు పైకెత్తి నాలుగు చీవాట్లు పెడితే కనీసం ఆరు నెలలు ఇల్లు చల్లగా ఉంటుంది. నన్ను కన్న అవ్వ బాపు మీద అట్లాగే చెప్పేది. నా చెల్లెలు చెప్పింది. నేనూ చెప్పాను.

"రోజు తాగుతడు సార్. పదిహేనేండ్ల సంది. చెప్తే ఇంటలేడు. జర మీరన్న చెప్పుండ్రి."

మంచం మీద ఆయన కళ్లు తెరిచాడు. "పోలీస్ టేషన్ల కేసు పెట్టినట్టు చెప్తున్నవేందే" అన్నాడు. గొంతు లేదు, అయినా పరాచికం పోలేదు.

డాక్టరు నేను కోరుకున్నట్టే తిట్టాడు. ఇలా తాగితే లివరు మిగలదన్నాడు, పెళ్లాంపిల్లలు గుర్తులేరా అన్నాడు. "ఇగ బంద్ సార్" అని ఆయన చెయ్యెత్తాడు. పక్క మంచం మనిషి దగ్గర ఉన్న ముసలామె మరాఠీలో ఏదో అని, నావైపు చూసి తల ఊపింది. ఆమెకూ ఇది కొత్త కాదనిపించింది. నాకు లోపల సంతోషమేసింది. ఆ సంతోషం నాకు బాగా గుర్తుంది. ఇంటికి పోయాక కల్లు మానిపించొచ్చు, దసరా ప్రశాంతంగా గడుస్తుంది అని లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాను. డాక్టరు ఇదంతా రాసుకుంటున్నాడని చూశాను. రాసుకుంటే ఇంకా మంచిదే అనుకున్నాను.

ఐదో రోజు ఆయన పోయాడు. లివరు ఆగిపోయిందన్నారు. జ్వరం వల్లనా, తాగుడు వల్లనా అని నేనడిగితే, రెండూ కావచ్చమ్మా అన్నారు.

కాగితాలన్నీ ఏజెంటే నింపి పంపాడు. కంపెనీ తరఫున ఒక మనిషి వచ్చి ఆదిలాబాద్ ఆస్పత్రిలో చీటీల నకళ్లు తీసుకుపోయాడని తర్వాత తెలిసింది. నాలుగు నెలలకు ఇంగ్లీషులో ఒక ఉత్తరం వచ్చింది. చదివిన ఏజెంటు నాకు సరిగ్గా చెప్పలేదు, "ఒకసారి ఆఫీసుకు పోయి అడుగు వదినా" అన్నాడు. ఆఫీసు కరీంనగర్‌లో. బిడ్డను పక్కింట్లో వదిలి తెల్లారే బస్సెక్కాను.

అక్కడ బల్ల వెనక ఉన్నాయన మర్యాదగానే మాట్లాడాడు. కూర్చోమన్నాడు, నీళ్లు తెప్పించాడు. ఫైలు తెరిచి ముందు మేమిచ్చిన ఫారం చూపించాడు. "లేదు" దగ్గర టిక్కు. తర్వాత ఆస్పత్రి చీటీ నకలు తీసి, ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగు చేసి చెప్పాడు.

"రోగి పదిహేనేళ్లుగా రోజూ మద్యం తీసుకుంటున్నాడు. భార్య చెప్పిన ప్రకారం."

నాకు మొదట అర్థం కాలేదు. భార్య అంటే ఎవరు అని అడగబోయాను.

"కల్లు సార్. మందు కాదు" అన్నాను.

"కల్లు కూడా మద్యం కిందికే వస్తదమ్మా."

"రోజు కాదు సార్. వారానికి రెండు దినాలే."

"మీరే రోజు అన్నరు గదమ్మా. ఇగో, రాసుంది."

అవును. నేనే చెప్పాను. నా నోటి మాటే ఉంది అక్కడ. ఆయన నోటిది ఒక్క ముక్క కూడా లేదు, పోలీస్ టేషన్ అన్నది డాక్టరు రాసుకోలేదు. ఎందుకు పెంచి చెప్పానో వివరించడానికి ప్రయత్నించాను. డాక్టరు తిడతాడని, తిడితే మానేస్తాడని. చెప్తుంటేనే నా చెవికే పిచ్చిదాని మాటలాగా వినబడింది. ఆయన పాపం అంతా విన్నాడు, అయినా ఫారంలో లేదని రాశారు కాబట్టి డబ్బు రాదన్నాడు. పైవాళ్లకు అర్జీ పెట్టుకోవచ్చన్నాడు. పెట్టాను. రెండుసార్లు పెట్టాను. జవాబు మారలేదు.

కరీంనగర్ బస్టాండులో బెంచీ మీద కూర్చుంటే ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. కంపెనీ మీద వచ్చింది, గబగబా టిక్కు పెట్టిన ఏజెంటు మీద వచ్చింది, కల్లును కల్లనీ మందును మందనీ నేర్పిన అందరి మీదా వచ్చింది. చివరికి అందరినీ వదిలి నా మీదకే వచ్చి ఆగింది, ఇప్పటికీ అక్కడే ఉంది. ముప్పై లక్షలన్న లెక్క తప్పు కాదు. ఈ రోజు మళ్లీ వేసినా అంతే వస్తుంది. పదకొండేళ్లూ పేజీ మీద రాసినట్టే ఒకటొకటిగా గడుస్తున్నాయి, డబ్బు ఒక్కటే లేదు.

ఊళ్లో ఎవరడిగినా "కాయితాలు సక్కగ లెవ్వట" అని చెప్పాను. బిడ్డకూ అదే చెప్పాను. అప్పుడది ఎనిమిదో తరగతి.

దుకాణం మూయలేదు. చుట్లు లెక్కబెట్టినదాన్ని, చుట్టడం ఎంతసేపు? మొదట ఫ్యాన్లు చుట్టాను, తర్వాత కూలర్లు, రెండో యాసంగికి బోరు మోటార్లు. ఆడమనిషి చుట్టిన మోటారు నిలుస్తుందా అని రైతులు కొన్నాళ్లు అటూఇటూ చూశారు. నిలిచాయి కాబట్టి వస్తున్నారు. ఇప్పుడు ఈ దుకాణం నా పది వేళ్లలో ఉంది. పోయిన నెల బల్లెత్తుతుంటే నడుము పట్టేసి రెండు రోజులు మంచం మీద పడ్డాను. గడపలో మూడు మోటార్లు అట్లాగే పడున్నాయి. చేతులు మళ్లీ అట్లాగే చల్లబడ్డాయి. అప్పుడు ఇద్దరం ఉన్నాం, ఒకరు పోతే ఒకరు. ఇప్పుడు నేను పోతే బిడ్డకు వెనక ఎవరూ లేరు.

ఏజెంటుకు నేనే ఫోన్ చేశాను. వచ్చాడు, తల ఎత్తలేదు. ఈసారి నేను లెక్క ముందే రాసి పెట్టుకున్నాను. బిడ్డ ఇంటర్ రెండో ఏడు, ఇంకా ఐదారేళ్లు. ఖర్చు తక్కువ ఏళ్లకే, కానీ తోడు లేని పిల్లకు ఉండడానికీ తినడానికీ అన్నీ బయటే. ఇరవై ఐదు లక్షలకు వచ్చింది.

"నీ రాబడి కాయితాలకు పదిహేను కంటె ఎక్కువ ఇయ్యరు వదినా" అన్నాడు.

"పదిహేనే రాయి. వచ్చే ఏడు కాయితాలు చూపిచ్చి పెంచుకుంట."

బిడ్డ కాలేజీ నుంచి వచ్చి గడపలో కూర్చుంది. ఏజెంటు ఈసారి నెమ్మదిగా చదువుతున్నాడు. మద్యం దగ్గర ఆగాడు.

"తాగుత" అన్నాను. "కల్లు. దసరకు ఒక గ్లాసు, బోనాలకు ఒక గ్లాసు. పోయిన ఏడు మా చెల్లె ఇంట్ల ఇంకో గ్లాసు. రాయి."

"వదినా, గంత గనం రాసుడెందుకు..."

"రాయి. మా బాపుకు షుగరుండె, అది రాయి. నా నడుము నొప్పి రాయి. వార్నిష్ వాసనకు దగ్గొస్తది, అది గూడ రాయి."

"ఇవన్ని రాస్తే ప్రీమియం పెరుగుతది."

"పెరగనియ్యి."

అన్నీ రాశాడు. నేను పైనుంచి కింది దాకా రెండుసార్లు చదివించుకుని సంతకం పెట్టాను. అతను వెళ్లిపోయాక బిడ్డను దగ్గర కూర్చోబెట్టుకుని, కరీంనగర్‌లో విన్నది మొత్తం చెప్పాను. నాలుగేళ్లు దాచిన మాట చెప్పడానికి పట్టుమని పది నిమిషాలు కూడా పట్టలేదు.

"ఎన్నడన్న నన్ను దవాఖానకు తీస్కపోతే, డాక్టరు అడిగినదానికి ఉన్నదున్నట్టు చెప్పాలె. ఎక్కువ చెప్పొద్దు, తక్కువ చెప్పొద్దు. ఇంటున్నవా?"

అది తల ఊపింది. తర్వాత అడిగింది.

"బాపు రోజు తాగకపోతుండె గద అవ్వా. నాకు యాదికున్నది. మరెందుకు చెప్పినవ్?"

ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. కరీంనగర్‌లో అడగలేదు, అర్జీలకు జవాబు రాసినవాళ్లు అడగలేదు. నేను కూడా నన్ను తిట్టుకున్నానే గానీ అడగలేదు.

"ఇంటికొస్తడనుకున్న బిడ్డా" అన్నాను.